పన్నెండులోని ఒకటి

కాకినాడలో వెబ్‌సైట్లు నడిపే ఒక చిన్న కంపెనీలో హిమజ అనే చురుకైన అమ్మాయి పనిచేస్తూ ఉండేది. ఏ పనైనా ఇట్టే చేసేసేది గానీ, చేసినదాన్ని ఒక్కసారి సరిచూసుకోమంటే మాత్రం ఆమెకు ప్రాణం మీదికి వచ్చేది.

ఆ కంపెనీకి ఖాతాదారులు చాలామందే ఉండేవారు. బట్టల దుకాణాలు, కాలేజీలు, నర్సింగ్ హోములు, ఆత్రేయపురం పూతరేకుల వ్యాపారులు, అందరి వెబ్‌సైట్లూ వాళ్ళ సర్వర్లలోనే ఉండేవి. ఇంటర్నెట్‌లో మనం ఒక పేరు కొడతాం, పేజీ తెరుచుకుంటుంది. కానీ కంప్యూటర్లకు పేర్లతో పని లేదు. వాటికి అంకెల చిరునామా కావాలి. ఏ పేరుకు ఏ చిరునామానో, అడిగినవాళ్ళకల్లా చెప్పడానికి నేమ్ సర్వర్ అని ఒకటి ఉంటుంది. అందులో పేర్లు, చిరునామాలు రాసి ఉంటాయి. ఒక వెబ్‌సైటును ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు మార్చినప్పుడల్లా ఆ పేరు పక్కన చిరునామా మార్చి రాయాలి. హిమజ ఉద్యోగం అదే.

రోజంతా ఆ అంకెలు మార్చడంతోనే సరిపోయేది. ఒకటి తెరువు, పాతది చెరుపు, కొత్తది కొట్టు, భద్రపరుచు, మళ్ళీ ఇంకోటి తెరువు. సాయంత్రానికి కళ్ళు మండేవి. పైగా ఆ విభాగానికి పెద్ద పట్టాభి గారు. ఆయన నిదానస్తుడు. మార్చిన ప్రతి చిరునామానూ వేలు పెట్టి చదివించేవాడు. ఆయన పక్కన కూర్చుని అంకెలు చదువుతుంటే హిమజకు తన వయసు అక్కడే కరిగిపోతున్నట్టు ఉండేది.

ఒకరోజు భోజనాల వేళ ఆమెకు ఒక ఆలోచన తట్టింది. ఈ పని మనిషి ఎందుకు చేయాలి? ఏది చెరపాలో, ఏది రాయాలో ఒక్కసారి వివరంగా రాసి ఇస్తే కంప్యూటరే చేసుకుపోతుంది కదా. అలా రాసి ఇచ్చే ఆదేశాల వరుసనే స్క్రిప్టు అంటారు. అన్నం కలిపిన చేత్తోనే ఆలోచిస్తూ కూర్చుంది. పప్పు చల్లారిపోయింది.

ఆ తర్వాత హిమజకు వేరే ధ్యాస లేదు. బస్సులో రాసింది, ఇంటి మేడ మీద రాసింది, వంటింట్లో అమ్మ పక్కన పీట మీద కూర్చుని రాసింది. ఒకచోట చిక్కు పడేది. తల పట్టుకునేది. చిక్కు వీడితే లేచి రెండు గిరికీలు కొట్టేది. కూతురికి ఏదో మంచి సంబంధం గాని కుదిరిందా అని తల్లికి అనుమానం వచ్చింది. విషయం తెలిశాక ఆవిడ నవ్వి, ఆ స్క్రిప్టుతోనే కాపురం చేస్తావా ఏమిటి అంది.

చివరికి ఆఫీసులో అందరి ముందూ దాన్ని నడిపి చూపించింది. ఒక కాలేజీకి చెందిన పేర్లన్నీ మార్చాలి. చేత్తో చేస్తే ఒక పూట పట్టే పని. హిమజ మీట నొక్కింది. తెర మీద వరసలు జలజల రాలిపోయాయి. టీ తెచ్చిన కుర్రాడు గ్లాసులు అందరికీ పంచేలోపే పని ముగిసింది. ఒక్కటీ తప్పు పోలేదు. అందరూ చుట్టూ మూగారు. పట్టాభి గారు కూడా కళ్ళజోడు సవరించుకుని, మళ్ళీ ఒకసారి చూపించమని అడిగాడు. హిమజ గుండె పొంగిపోయింది.

ఆయన మెచ్చుకున్నాడు గానీ రెండు మాటలు చెప్పాడు. ఏమేమి మార్చబోతున్నదో స్క్రిప్టు ముందుగా తెర మీద చూపించి, మనిషి సరే అన్నాకే చెయ్యి వెయ్యాలి. అది మొదటిది. రెండోది గడువు సంగతి. మన నేమ్ సర్వర్‌ను లోకంలో అందరూ ప్రతిసారీ వచ్చి అడగరు. ఇంటింటికీ ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ళు ఒకసారి అడిగి, వచ్చిన జవాబును తమ దగ్గర గుర్తుపెట్టుకుంటారు. ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో మనమే గడువు చెబుతాం. మామూలుగా ఆ గడువు ఒక రోజు. కాబట్టి ఏదైనా పెద్ద మార్పు చేసే ముందు ఆ గడువును అయిదు నిమిషాలకు తగ్గించి, పాత గడువు పూర్తిగా తీరేదాకా ఆగి, ఆ తర్వాతే చిరునామా మార్చాలి. అప్పుడు మన వైపు పొరపాటు జరిగినా అయిదు నిమిషాల్లో లోకమంతా సర్దుకుంటుంది.

హిమజ బుద్ధిగా తల ఊపింది. చూపించి అడిగే ఏర్పాటు స్క్రిప్టులో పెట్టింది కూడా. కొన్ని వారాలు బాగానే సాగింది. స్క్రిప్టు అడిగేది, ఆమె సరే అనేది. మళ్ళీ అడిగేది, మళ్ళీ సరే అనేది. ఎప్పుడూ తప్పు కనబడలేదు. ఎప్పుడూ సరే అనేదానికి అడగడం ఎందుకని, ఒక మధ్యాహ్నం ఆమె ఆ నాలుగు వరసలూ తీసేసింది. తీసేసినట్టు ఎవరికీ చెప్పలేదు.

కార్తీకం వెళ్తుండగా బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టింది. అది తుఫానై కాకినాడ వైపు వస్తోందని కబురు. కంపెనీ సర్వర్లు బీచ్ రోడ్డుకు దగ్గరలో, కింది అంతస్తులో ఉండేవి. వాన గట్టిగా పడితే ఆ గదిలోకి నీళ్ళు రావడం ఖాయం. వెబ్‌సైట్లన్నిటినీ హైదరాబాదులోని కొత్త సర్వర్లకు మార్చేయాలని యజమాని నిర్ణయించాడు. పట్టాభి గారు వెబ్‌సైట్ల నకళ్ళన్నీ తీసుకుని కారులో హైదరాబాదు బయలుదేరాడు. వెళ్తూ హిమజను పిలిచి, ఇవాళే అన్ని పేర్లకూ గడువు తగ్గించమని, రేపు మధ్యాహ్నం తాను ఫోను చేశాక చిరునామాలు మార్చమని చెప్పాడు.

ఆ వెబ్‌సైట్లలో ఒకటి మత్స్యకారుల సహకార సంఘానిది. సముద్రం మీద గాలి ఎలా ఉంది, అలలు ఎంత ఎత్తున ఉన్నాయి, ఏ రేవులో పడవ దిగవచ్చు, ఏ రేవులో దిగకూడదు, అన్నీ గంట గంటకూ అందులో పెట్టేవారు. తీరం వెంట పల్లెల్లో వైర్‌లెస్ గదులు ఉండేవి. అక్కడివాళ్ళు ఆ పేజీ చూసి సముద్రం మీదున్న పడవలకు కబురు చెప్పేవారు. తిరిగి వచ్చేయమని ముందురోజే హెచ్చరిక వెళ్ళినా, దూరం పోయిన పడవలు కొన్ని ఇంకా దారిలోనే ఉన్నాయి.

ఆఫీసంతా పెళ్ళివారి ఇల్లులా హడావుడిగా ఉంది. తీగలు ఊడదీసేవాళ్ళు, పెట్టెలు కట్టేవాళ్ళు, ఫోన్లలో అరిచేవాళ్ళు. హిమజకు మాత్రం లోపల ఉత్సాహం ఉరకలు వేస్తోంది. తన స్క్రిప్టు అసలు సత్తా చూపించే రోజు వచ్చింది. ఇంతకాలం అది ఒక్కో ఖాతాదారు పేర్లే మార్చింది. ఇప్పుడు ఒకేసారి కంపెనీ పేర్లన్నీ మార్చాలి. అందుకని స్క్రిప్టులో కొత్త వరసలు కలిపింది. పాత సర్వర్ చిరునామా ఎక్కడ కనిపించినా దాని స్థానంలో కొత్తది రాసెయ్యమని ఆదేశం ఇచ్చింది. సర్వర్‌కు ఒక ఆదేశం, అంతే. చూడముచ్చటగా వచ్చింది.

గడువు సంగతి గుర్తుకొచ్చింది. దానికి మళ్ళీ ఒకసారి నడపాలి, ఒక రోజు ఆగాలి. కళ్ళు మూసి తెరిచేలోపు మార్చే స్క్రిప్టు చేతిలో ఉండగా ఆ అయిదు నిమిషాల గోల ఎందుకనుకుంది. వదిలేసింది.

మర్నాడు ఆకాశం సీసం రంగుకు తిరిగింది. ఈదురుగాలికి కొబ్బరి చెట్లు ఒకే వైపు వంగి ఊగుతున్నాయి. మధ్యాహ్నం పట్టాభి గారు హైదరాబాదు నుంచి ఫోను చేసి, ఇక్కడ అంతా అమరింది, మొదలుపెట్టమన్నాడు. గడువు తగ్గించావు కదా అని అడిగాడు.

"అంతా సిద్ధంగా ఉంది సార్" అంది హిమజ.

అది అబద్ధమనీ ఆమెకు అనిపించలేదు, నిజమనీ అనిపించలేదు. మీట నొక్కింది. వరసలు జలపాతంలా దూకాయి. ఎన్ని వందల పేర్లో. టీవీలో క్రికెట్ చూస్తున్నట్టు అందరూ ఆమె కుర్చీ వెనక నిలబడ్డారు. ఆగిపోయింది. పని పూర్తయిందని తెర మీద కనిపించింది. హిమజ కంపెనీ వెబ్‌సైటు తెరిచింది, బాగానే ఉంది. ఒక చీరల దుకాణం తెరిచింది, అదీ బాగానే ఉంది. ఇక చాలనుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. కింది గది గుమ్మంలోకి అప్పుడే నీళ్ళు వస్తున్నాయి. ఆమె సరే అనగానే పాత సర్వర్లు ఆపేసి వ్యానెక్కించారు. ఎవరో వేడి మిరపకాయ బజ్జీలు తెప్పించారు.

బజ్జీ నోట్లో ఉండగానే ఫోను మోగింది. ఉప్పాడ వైర్‌లెస్ గదిలో పనిచేసే నూకరాజు. సంఘం పేజీ తెరుచుకోవడం లేదన్నాడు. చాలాసేపటి నుంచి ప్రయత్నిస్తున్నాడట. పడవలు రేవు అడుగుతున్నాయి, ఏం చెప్పాలో తెలియడం లేదని అన్నాడు.

హిమజ పరుగున వచ్చి నేమ్ సర్వర్ తెరిచి చూసింది. సంఘం పేరు పక్కన ఉన్న చిరునామాను మళ్ళీ మళ్ళీ చదివింది. అలాంటి చిరునామా వాళ్ళకు లేనే లేదు.

జరిగింది ఇదీ. పాత సర్వర్లలో ఒకదాని చిరునామా చివర ఒకటి అని ఉండేది. ఇంకోదాని చివర పన్నెండు. చివర ఒకటి ఉన్నదాన్ని మార్చమని ఆమె స్క్రిప్టుకు చెప్పింది. అది పన్నెండులోని ఒకటిని కూడా పట్టుకుంది. ఆ ఒకటి దాకా తీసి కొత్త చిరునామా పెట్టి, మిగిలిన రెండును దాని తోకకు అలాగే వదిలేసింది. పది నుంచి పంతొమ్మిది దాకా ఉన్న సర్వర్లన్నిటికీ అదే గతి. ఒకసారి చూపించి అడిగే ఏర్పాటు ఉండి ఉంటే మొదటి చూపులోనే తెలిసిపోయేది. ఆ వరసలు తీసేసింది తానే.

దిద్దడానికి నిమిషం కూడా పట్టలేదు. సరైన చిరునామాలు రాసింది. తన ముందున్న కంప్యూటరులో సంఘం పేజీ తెరుచుకుంది. హమ్మయ్య అనుకుని నూకరాజుకు ఫోను చేసింది.

"లేదండి, ఇక్కడ అలాగే ఉందండి" అన్నాడు నూకరాజు. అతని వెనక వైర్‌లెస్ పెట్టెలో ఎవరో గట్టిగా పిలుస్తున్నారు.

అప్పుడు అర్థమైంది హిమజకు. ఉప్పాడకు ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ళు ఇందాకటి తప్పు జవాబును గుర్తుపెట్టుకున్నారు. గడువు ఒక రోజు. రేపు మధ్యాహ్నం దాకా వాళ్ళు మళ్ళీ అడగరు. ఇంకొందరి దగ్గర ఇంకా పాత చిరునామాయే ఉంది, కానీ ఆ పాత సర్వర్లు వ్యానెక్కి వెళ్ళిపోయాయి. తన దగ్గర తప్పు లేదు ఇప్పుడు. తప్పు ఊరంతా పాకింది, అది తన చేతిలో లేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఇంట్లో పెద్దవాళ్ళు అంటూ ఉండేవారు. కంప్యూటరుకు కూడా నోరు ఉంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

పట్టాభి గారికి ఫోను చేసింది. ఏమీ దాచలేదు. గడువు తగ్గించలేదు సార్, అడిగే ఏర్పాటు కూడా నేనే తీసేశాను అని చెప్పేసింది. ఆయన తిట్టలేదు. సంఘం సర్వర్ నా ఎదురుగానే ఉంది, పేరుతో పని లేకుండా నేను నేరుగా చూడగలను, నూకరాజు నంబరు ఇవ్వు, నేను చదివి చెబుతాను అన్నాడు. అయితే ఒక్క ఉప్పాడతో అయ్యేది కాదు. తీరం వెంట ఎన్నో పల్లెలు, ఎన్నో ఫోన్లు. వాళ్ళందరికీ తీగ వేసింది కాకినాడలోని ఒక కేబుల్ ఇంటర్నెట్ ఆఫీసు. వాళ్ళు తమ సర్వర్‌లో గుర్తుంచుకున్నది ఒక్కసారి తుడిచేస్తే ఆ సర్వర్ మళ్ళీ మనల్ని అడుగుతుంది, సరైన జవాబు తీసుకుంటుంది.

"వాళ్ళని పట్టుకో తల్లీ" అన్నాడు పట్టాభి గారు. "ఎలాగైనా పట్టుకో."

ఆ ఆఫీసు ఫోను ఎంతసేపటికీ కలవలేదు. హిమజ స్కూటర్ తాళం అందుకుంది. రెయిన్‌కోటు వేసుకోవడం కూడా మరచిపోయింది. మెయిన్ రోడ్డు మీద వాన అడ్డంగా కొడుతోంది. గాలి స్కూటర్‌ను పక్కకు తోస్తోంది. ఒకచోట ఫ్లెక్సీ చిరిగి రోడ్డు మీదికి ఎగిరి వచ్చి ఆమె ముందు పడింది. తప్పించుకుంది. జగన్నాథపురం వంతెన మీద గాలికి స్కూటర్ నిలవక, దిగి తోసుకుంటూ పరుగెత్తింది. ఆ పరుగులో భయం ఉంది, సిగ్గు ఉంది, వాటిని మించి ఒకటే మొండి పట్టుదల ఉంది. చేరాలి. ముందు చేరాలి.

కేబుల్ ఆఫీసు ఒక మేడ మీద ఉంది. దాన్ని నడిపేది బుల్లబ్బాయి అనే ఆయన. నాలుగు ఫోన్లు ఒకేసారి మోగుతుంటే ఏదీ ఎత్తకుండా తల పట్టుకుని కూర్చున్నాడు. నీళ్ళు కారుతూ వచ్చిన హిమజను చూసి ఆశ్చర్యపోయాడు. ఆమె ఒక్క గుక్కలో సంగతి చెప్పింది. ఆయన ముఖం మాడిపోయింది.

"మధ్యాహ్నం నుంచి మా లైన్లు పాడైపోయాయని జనం నన్ను తిడుతున్నారు" అన్నాడు. "ఇప్పుడు నేను ఏదో తుడిస్తే, ఇంకేదో పోతే, అది కూడా నా నెత్తినే పడుతుంది. అసలు తప్పు ఎవరిది?"

తుఫాను వల్ల అని చెప్పవచ్చు. సిస్టమ్ సమస్య అని చెప్పవచ్చు. ఆ రెండు మాటలూ హిమజ నాలిక చివరిదాకా వచ్చాయి.

"నాదండి" అంది. "మీ లైన్లలో ఏ లోపమూ లేదు. నేను సరిచూసుకోకుండా తప్పు చిరునామా పంపాను. ఎవరు అడిగినా నా పేరు చెప్పండి. కాగితం మీద రాసి ఇమ్మన్నా ఇస్తాను. పడవలు బయట ఉన్నాయండి."

బుల్లబ్బాయి ఆమె వైపు ఒకసారి చూశాడు. కుర్చీ జరుపుకుని సర్వర్ ముందు కూర్చున్నాడు. ఆదేశం కొట్టాడు. హిమజ నూకరాజుకు ఫోను చేసింది. మళ్ళీ ప్రయత్నించమంది.

"వచ్చిందండి" అన్నాడు నూకరాజు. ఆ వెంటనే అతను వైర్‌లెస్‌లో పడవలను కేకేయడం వినిపించింది. ఉప్పాడలో దిగవద్దు, అలలు విరుచుకుపడుతున్నాయి, హోప్ ఐలాండ్ చాటుగా కాకినాడ రేవుకు వచ్చేయండి అని పడవ పడవకూ పేరు పెట్టి చెబుతున్నాడు. మిగతా పల్లెల్లోనూ పేజీలు తెరుచుకున్నాయి. ఎక్కడి వైర్‌లెస్‌లు అక్కడ పలికాయి. ద్వీపం చాటుకు ఒక్కొక్క పడవే వచ్చి చేరింది.

కానీ ఒక పడవ మాత్రం అంతకుముందే ఉప్పాడ ఒడ్డుకు వచ్చేసింది. అది యల్లాజీ అనే ఆయనది. రేవు అడిగి అడిగి, జవాబు రాకపోయేసరికి, ఎప్పుడూ దిగే చోటే దిగుదామని వచ్చాడు. అల ఎత్తి కొట్టింది. పడవ రెండు ముక్కలైంది. ఉన్నవాళ్ళంతా ఈదుకుంటూ ఒడ్డున పడ్డారు. యల్లాజీకి కుడి చెయ్యి విరిగింది.

తుఫాను దాటిపోయాక హిమజ ఆస్పత్రికి వెళ్ళింది. యల్లాజీ మంచం పక్కన నిలబడి, జరిగినది జరిగినట్టు చెప్పింది. ఆయన భార్య ముఖం తిప్పుకుంది. పడవకు సంఘమూ, కంపెనీ కూడా సాయం చేస్తామని మాట ఇచ్చాయని హిమజ చెప్పింది.

"మళ్ళీ గాలివాన వస్తే ఆ పేజీ తెరుచుకుంటుందా అమ్మా?" అని అడిగాడు యల్లాజీ.

హిమజ తల వంచుకుని బయటికి వచ్చింది.

మర్నాడు పట్టాభి గారి దగ్గరికి వెళ్ళి, స్క్రిప్టును తీసి పారేస్తాను, ఇకమీదట అన్నీ చేత్తోనే చేస్తాను అంది. ఆఫీసులో చాలామంది అదే మంచిదన్నారు. చప్పట్లు కొట్టింది కూడా వాళ్ళే. పట్టాభి గారు మాత్రం ఒప్పుకోలేదు.

"ఆ రోజు చేత్తో చేసి ఉంటే సాయంత్రం దాకా సగం పేర్లు కూడా మారేవి కావు. ఈలోపు గది మునిగేది. స్క్రిప్టు నీ మాట విన్నది. నువ్వు సరిగ్గా చెప్పలేదు. మళ్ళీ రాయి. ఈసారి నీ మీద నీకు అనుమానం ఉన్నట్టు రాయి" అన్నాడు.

ఆ చివరి మాట హిమజకు బాగా పట్టింది. మళ్ళీ కూర్చుంది. మొదటిసారి రాసినప్పుడు ఎంత ఉత్సాహమో ఈసారి అంతకు రెండింతలు. ఇదివరకు ఎలా దూసుకుపోవాలా అని ఆలోచించేది. ఇప్పుడు ఎక్కడెక్కడ కాలు జారవచ్చు, జారితే ఎలా పట్టుకోవాలా అని ఆలోచించసాగింది. అందులో ఇంత సరదా ఉంటుందని ఆమెకు తెలియదు. పన్నెండును ఇచ్చి ఒకటిని వెతకమంది. తోకకు అంకె తగిలించిన చిరునామాలు ఇచ్చి చూసింది. కావాలని పేరు తప్పు రాసి ఇచ్చింది. తన స్క్రిప్టును తానే నానా తిప్పలూ పెట్టింది. అది ఎక్కడ తడబడితే అక్కడ ఒక అడ్డుకట్ట వేసింది.

ఇప్పుడు స్క్రిప్టు ముందు గడువు తగ్గిస్తుంది. పాత గడువు తీరేదాకా చిరునామా జోలికి పోనే పోదు. ఆ తర్వాత మార్చబోయేవన్నీ పక్కపక్కన పాతదీ కొత్తదీ పెట్టి చూపిస్తుంది. మనిషి చదివి సరే అంటే, మొదట ఒక్క పేరే మారుస్తుంది. బయటి నుంచి ఆ పేజీ తెరిచి చూస్తుంది. తెరుచుకుంటేనే ముందుకు పోతుంది. లేకపోతే పాత చిరునామాను తనంతట తానే మళ్ళీ రాసేసి ఆగిపోతుంది.

సంక్రాంతి సెలవులు ముగిశాక కింది గదిని వదిలేసి, సర్వర్లను మేడ మీదికి చేర్చారు. వెబ్‌సైట్లన్నీ హైదరాబాదు నుంచి మళ్ళీ కాకినాడకు రావాలి. హిమజ ముందురోజే గడువు తగ్గించింది. అసలు రోజున నూకరాజును ఫోనులో ఉండమని కోరింది. బుల్లబ్బాయి గారికి కూడా ముందే చెప్పి ఉంచింది. తెర మీద వచ్చిన మార్పులన్నీ పట్టాభి గారితో కలిసి మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఇదివరకు వయసు కరిగిపోతున్నట్టు ఉండే ఆ చదువు ఇప్పుడు ఆవకాయకు జాడీ తుడిచి చూసుకున్నట్టు, ఎంతో అవసరంగా, ఇష్టంగా అనిపించింది.

మీట నొక్కింది. ఒక పేరు మారింది. తెరుచుకుంది. పది మారాయి. తెరుచుకున్నాయి. వరసలు హుషారుగా సాగిపోతున్నాయి. అందరూ మళ్ళీ ఆమె కుర్చీ వెనక చేరారు. సగం దాటాక స్క్రిప్టు టక్కున ఆగింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఒక నర్సింగ్ హోము పేజీ బయటి నుంచి తెరుచుకోవడం లేదు, పాత చిరునామా మళ్ళీ రాశాను అని అందులో ఉంది.

వెనక ఎవరో అయ్యో అన్నారు. హిమజ మాత్రం కుర్చీలోంచి లేచి చిన్నపిల్లలా గంతులు వేసింది. ఆమె ఇంత సంతోషించడం ఎవరూ చూడలేదు.

"ఆగింది సార్, అదే ఆగింది" అంది.

వెళ్ళి చూస్తే ఆ నర్సింగ్ హోము సర్వర్‌కు తీగ సరిగ్గా బిగించలేదు. బిగించారు. అయిదు నిమిషాలు ఆగి మళ్ళీ నడిపారు. ఈలోపు నర్సింగ్ హోము పేజీ పాత చోటే నిక్షేపంగా నడిచింది, అది చూడబోయిన ఒక్క రోగికి కూడా ఏ ఇబ్బందీ కలగలేదు. మిగతా పేర్లన్నీ గూటికి చేరే పిట్టల్లా వరసగా కొత్త చిరునామాలకు చేరాయి. ఉప్పాడలో పేజీ తెరుచుకుందని నూకరాజు చెప్పాడు. కట్టు విప్పిన చేత్తో పక్కనే కూర్చున్న యల్లాజీ కూడా చూశాడట. గాలి ఉత్తరం నుంచి నెమ్మదిగా వీస్తోందని అందులో ఉంటే, ఇక నేను పోతానని కొత్త పడవ దగ్గరికి వెళ్ళాడట.

పిల్లలూ, తప్పును మన దగ్గర దిద్దుకోవడానికి నిమిషం చాలు గానీ, నలుగురికీ పాకిన తప్పును వెనక్కి తేవడం మన తరం కాదు. అందుకే చేతిలో పనిముట్టు ఎంత వేగమైనదైతే, దాన్ని నడిపే ముందు అంత నిదానంగా సరిచూసుకోవాలి.